యల్లయ్య లోపలున్నాడా, బయటున్నాడా

కొలిమికొండ కోట కథ రెండు ఇళ్ల సొత్తు. కింది సగం జ్ఞానయ్య వాళ్లది, పై సగం ఓబులేసు వాళ్లది. కంభం నుంచో, మార్కాపురం నుంచో ఎవరైనా కోట చూడటానికి వస్తున్నారంటే ముందుగా కరణంగారికి చీటీ వచ్చేది. ఆయన రెండు ఇళ్లకూ కబురు చేసేవాడు. జ్ఞానయ్య మొదటి వాకిలి దగ్గర వాళ్లకు ఎదురై, బురుజులు చూపిస్తూ, ముట్టడి కథ చెబుతూ నడిమి వాకిలి దాకా తీసుకుపోయేవాడు. అక్కడ గోడ పక్కన మోకాలెత్తు బండ ఒకటి ఉండేది. చేత్తో తడితే మామూలు రాయి. గులకరాయితో కొడితే కంచులా మోగేది. దాన్ని మోగురాయి అనేవాళ్లు. జ్ఞానయ్య దాని మీద మూడు దెబ్బలు కొట్టేవాడు. పైనుంచి, అలాంటిదే మరో రాయి మీద, రెండు దెబ్బలు వినిపించేవి. కాసేపటికి ఓబులేసు దిగి వచ్చి, పెద్ద తలుపులో ఉన్న చిన్న దిడ్డి తలుపు తెరిచి, వచ్చినవాళ్లను లోపలికి తీసుకునేవాడు. జ్ఞానయ్య బయట నీడలో కూర్చుని, వాళ్లు దిగి వచ్చేదాకా చుట్ట కాల్చుకునేవాడు. ఆయన తండ్రీ అంతే చేశాడు. తాతా అంతే.

జ్ఞానయ్య కూతురు యేసుమణి ఏడేళ్ల వయసు నుంచి ఆయన వెంట నీళ్ల కడవ మోసింది. ఎండలో ఎక్కేవాళ్లకు నీళ్లు పోయడం ఆమె పని. కింది సగం ఆమెకు నోటికి వచ్చు. మిషను బడిలో మూడో తరగతి దాకా చదివిన పాఠాలు మరిచిపోయింది గాని, ఈ కథలో ఒక్క ముక్క మరవలేదు. అయితే ఆ కథ ఎప్పుడూ ఒకే మాట దగ్గర తెగిపోయేది.

"పెద్ద తలుపు మూతపడింది. మా యల్లయ్య లోపలున్నాడో, బయటున్నాడో మాకు తెలీదు. మిగతాది పైనోళ్లు చెప్తారు, పోయి రాండి" అనేవాడు జ్ఞానయ్య.

యల్లయ్య వాళ్ల వంశంలో పెద్దాయన. నవాబుల కాలంలో ఈ కోటకు తప్పెట కొట్టేవాడు. వాళ్ల ఇల్లు కిరస్తానీ మతంలో కలవడానికి ఎన్నో తరాల ముందటి మనిషి. ఆయన ఏమయ్యాడో ఆయన ఇంటివాళ్లకే తెలియకపోవడం ఏమిటని ఏడేళ్ల యేసుమణికి ఆశ్చర్యం.

"నాయనా, ఓబులేసు పెదనాయనను అడగొచ్చు గదా?"

"వాళ్ల సగం వాళ్లది మణీ. వాళ్ల చేలో కంకి మనం తుంచుతామా?"

"మరి మనం దిడ్డి దాటి లోపలికి పోకూడదా?"

"ఎవురూ పోలేదు."

పదేళ్లప్పుడు యేసుమణి ఉండబట్టలేక, పైనుంచి దిగి వచ్చిన ఒక తాలూకా గుమాస్తాను అడిగేసింది. "అయ్యా, యల్లయ్య లోపలున్నాడంటనా, బయటున్నాడంటనా?" ఆయన చెమట తుడుచుకుని, "పైన గాలి బాగుంది పాపా. కాసిని మంచినీళ్లు పొయ్యి" అన్నాడు. దొరలు వచ్చినా, గుమాస్తాలు వచ్చినా అంతే. కథ విన్నవాళ్లకు అది అవసరం లేదు. అవసరమున్నవాళ్లకు వినే వీలు లేదు.

ఆమె పెద్దదైంది. పక్కవీధి ఏబేలును పెళ్లి చేసుకుంది. అతను మార్కాపురం పలకల గనికి పనికి పోయి వారానికోసారి వచ్చేవాడు. ఆమె కోట గోడల మీద, ఇళ్ల కప్పులకు వేసే బోదగడ్డి కోసి అమ్మేది. ఎంత గడ్డి కోసినా నడిమి వాకిలి ఇవతలే. జ్ఞానయ్యకు మోకాళ్లు పట్టేసి కొండ ఎక్కడం మానుకున్న ఏడాది, ఒక సాయంత్రం ఆయన మంచంలో ఉండి తనంతట తనే అన్నాడు. "నేనూ అడగొచ్చు. అడిగితే, బయటే ఉండిపోయినాడు, తలుపు తీయలేదు మేము అని చెప్తే ఏం చేసేది? తెలీనంత కాలం మడిసి ఇంకా ఆ తలుపు కాడ నిలబడే ఉన్నట్టుంటది."

ఆ మాట విన్నాక యేసుమణికి ఆ సంగతి తెలుసుకోవాలన్న ఆశ తగ్గలేదు. రెండింతలైంది.

పందొమ్మిది వందల ముప్పై నాలుగో సంవత్సరం జనవరిలో కరణంగారికి చీటీ వచ్చింది. మార్కాపురం ఆడపిల్లల బోర్డింగు బడి నుంచి సుశీలమ్మ టీచరు ఇరవై ఇద్దరు పిల్లల్ని కోట చూపించడానికి తీసుకొస్తున్నారట. ఆడపిల్లలు గనుక చూపించేది ఆడమనిషి అయితే మంచిదని రాశారు. జ్ఞానయ్య నవ్వి, "ఇంక నువ్వే మణీ. గొంతు పెద్దగా పెట్టు. బురుజు కాడ గాలి మాటను ఎత్తుకపోతది" అన్నాడు.

పిల్లలు ముందురోజు రైల్లో కంభం చేరి, మిషను బంగళాలో పడుకుని, తెల్లవారగానే నాలుగు బండ్లలో వచ్చి దిగారు. బండి ఆగీ ఆగకముందే దూకేవాళ్లు దూకారు. ఒక్కొక్కరి చంకలో ఒక్కొక్క పలక. సుశీలమ్మ టీచరు పొట్టి మనిషి, కళ్లజోడు, ఎండకు గొడుగు. "విన్నదంతా పలక మీద రాసుకోవాలి. వాకిళ్ల పేర్లు, బురుజుల లెక్క. సోమవారం అడుగుతాను" అని చెప్పి యేసుమణి వైపు తిరిగారు. "చెప్పమ్మా."

ఇరవై రెండు జతల కళ్లు. యేసుమణికి కథ మొదలు ఎక్కడో గుర్తు రాలేదు. కడవ ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది.

ముందు వరసలో ఉన్న నాగరత్నం అనే పిల్ల, రెండు జడల్లో ఒకటి అప్పటికే ఊడిపోయింది, ఆగలేక అడిగింది. "అక్కా, ఫిరంగి గుండ్లు తగిలిన గుంటలు ఉంటాయంటనే. యాడ?"

"నీ తల పక్కనే" అంది యేసుమణి.

నాగరత్నం తిరిగి చూసింది. గోడ రాతిలో గిన్నె పట్టేంత గుంట. పిడికిలి పెట్టి చూసింది. మణికట్టు దాకా పోయింది. అంతే, ఇరవై ఇద్దరూ గోడ మీద పడ్డారు. నాది పెద్దది, కాదు నాది లోతు అని తోపులాట. ఆ గోలలో యేసుమణికి కథ మొదలు దొరికింది.

"పడమటి నుంచి వచ్చినారు వాళ్లు. ఏడు వేల మంది. కంభం చెరువు కట్ట మీద గుర్రాలు నడస్తా ఉంటే, ఆ దుమ్ము ఈ బురుజు మీది నుంచి కనపడింది. మొదట చూసింది ఎవురు? మా యల్లయ్య. తప్పెట కొట్టినాడు, ఊరోళ్లు కోటలోకి పరిగెత్తినారు, మా పేటోళ్లు వేరే ఊళ్లు పట్టి పోయినారు. అవతలోళ్లు ఏనుగులను తెచ్చి ఈ తలుపును గుద్దించినారు. మూడో రోజుకు తలుపు ఊగింది. అప్పుడు యల్లయ్య ఏం చేసినాడో తెలుసునా? మూడు దెబ్బలు కొట్టినాడు. డం, డం, డం. ఈ వాకిలి పోయింది, నేనొస్తాండా, పై వాకిలి దిడ్డి తియ్యండి అని. పైనోళ్లు దిడ్డి తీసినారు. అందరికన్నా చివర ఆయన దూరినాడు."

"ఏనుగులు యాడ నిలబడినాయి అక్కా?"

"నువ్వు నిలబడినావే, ఆడ."

ఆ పిల్ల గబుక్కున పక్కకు జరిగింది. అందరూ నవ్వారు.

రెండోదైన ఏనుగు వాకిలికి ఎక్కే మెట్లు అరిగి నునుపు దేలి ఉన్నాయి. పిల్లలు రేగుపండ్లు కోసుకుంటూ, మందుగుండు గదిలోకి తొంగిచూసి గబ్బిలాల వాసనకు ముక్కులు మూసుకుంటూ, బురుజులు లెక్క పెట్టి ఒకరు ఆరు, ఒకరు ఏడు అని కొట్లాడుకుంటూ ఎక్కారు. ఏనుగు వాకిలి కూడా పడిపోయే ముందు యల్లయ్య మూడు దెబ్బలు కొట్టిన సంగతి యేసుమణి చెప్పింది. ఈసారి పిల్లలే అరిచారు, డం డం డం అని. సుశీలమ్మ టీచరు కూడా గొడుగు మడిచి దాంతో రాతి మీద తాళం వేశారు గాని, పిల్లలు చూడగానే మానుకున్నారు.

నడిమి వాకిలి చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. ఇక్కడ ఒక తలుపు రెక్క ఇంకా నిలబడే ఉంది. అడుగు మందం టేకు, దాని మీద ఇనుప పట్టీలు, మధ్యలో వంగి దూరేంత దిడ్డి.

"ఈ వాకిలి కాడ, కోటకు పెద్ద కిల్లేదారు, ఆయన ఆర్డరు వేసినాడు" అంది యేసుమణి. "ఇంక దిడ్డి కూడా తెరవొద్దు, ఎవురు కొట్టినా తెరవొద్దు అని. యల్లయ్య ఇంకా కిందనే ఉన్నాడు. పరిగెత్తుకుంటా వచ్చినాడు. ఎనక గుర్రాలు. పెద్ద తలుపు మూతపడింది." ఆగింది. "లోపలున్నాడో, బయటున్నాడో మాకు తెలీదు. మిగతాది పైనోళ్లు చెప్తారు."

"అదేంది అక్కా?" నాగరత్నం పలక కిందికి దించింది. "చెప్పు."

"నాకు తెలీదు."

"మీ తాతే గదా."

"తెలీదంటిని గదా పాపా."

"పలక ఒక వైపు నిండింది. రెండో వైపు పైవాళ్ల కథకు ఉంచండి" అన్నారు సుశీలమ్మ టీచరు.

యేసుమణి గులకరాయి తీసుకుని మోగురాయి మీద మూడు దెబ్బలు కొట్టింది. గంట మోగినట్టు మోగింది. పైనుంచి ఏమీ రాలేదు. మళ్లీ కొట్టింది. ఏమీ లేదు. ఎక్కడో మేక అరిచింది. సుశీలమ్మ టీచరు గడియారం చూసుకున్నారు. నాలుగు గంటల బండికి కంభం చేరాలి. మూడోసారి కొట్టి యేసుమణి చెవి ఒగ్గింది.

డం, డం.

పిల్లలు కేరింత కొట్టారు. కానీ ఎవరూ దిగి రాలేదు. కొంతసేపటికి పైనుంచి ఒక ముసలి గొంతు వినిపించింది.

"ఎవురు కింద?"

"బడి పిల్లోళ్లు అవ్వా. కోట చూడను వచ్చినారు" అని యేసుమణి అరిచింది. ఆ గొంతు ఓబులేసు తల్లి సుబ్బులమ్మది. చలికాలమంతా మేకలతో పైనే గుడిసెలో ఉంటుంది. ఆమెను యేసుమణి సంతలో దూరం నుంచి చూసిందే గాని ఎప్పుడూ మాట్లాడలేదు.

"ఓబులేసుకు నారికురుపు లేసింది. కాలు కింద పెట్టలేడు, పురుగును పుల్లకు చుట్టుకుంటా ఇంట్లో కూసున్నాడు. నాకా, దిగే మోకాళ్లు లేవు. దిడ్డి తోస్తే వస్తది. పిల్లోళ్లను పంపియ్యి, కథ నేనే చెప్తా."

సుశీలమ్మ టీచరు తల అడ్డంగా ఊపారు. "తోవ తెలియని చోటికి ఇంతమంది పిల్లల్ని ఎలా పంపను? నువ్వు ముందు నడువమ్మా. లేకపోతే ఇక్కడినుంచే తిరిగి పోదాం."

పిల్లలందరూ ఒక్కసారిగా యేసుమణి వైపు చూశారు. యేసుమణి దిడ్డి వైపు చూసింది. ఆ చెక్కను తన చేత్తో ఎన్నోసార్లు తడిమింది. ఆ గడప ఇవతల కూర్చుని ఎన్నో మధ్యాహ్నాలు గడిపింది. అవతల రాతి మెట్టు ఒకటి సందులోంచి కనిపించేది, దాని మీద ఎప్పుడూ ఎండ ఉండేది. ఒక్క అడుగు. కానీ వాళ్ల ఇంట్లో ఎవరూ వేయని అడుగు. రావద్దంటే ఈ పిల్లల ముందు తన ముఖం ఎక్కడ పెట్టుకోవాలి? అయినా అడిగింది.

"అవ్వా, నేను జ్ఞానయ్య కూతురిని. పైకి రావొచ్చునా?"

"రావద్దని ఎవురన్నారే?"

యేసుమణికి తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "రమ్మని ఎవురన్నారు?"

సుశీలమ్మ టీచరు గొడుగు తెరిచి మళ్లీ మూశారు.

"అది నిజమే" అంది పైనుంచి గొంతు. "ఎవురూ అనలేదు. ఇప్పుడు నేనంటాండా. రా."

యేసుమణి కడవ దించి, తల వంచి, దిడ్డిలోంచి అవతలికి వెళ్లింది. కడవను నాగరత్నం అందించింది. కాలి కింద ఆ ఎండ మెట్టు వెచ్చగా తగిలింది.

తర్వాత ఆమె ఎక్కలేదు, పరిగెత్తింది. పిల్లలూ పరిగెత్తారు. టీచరు మెల్లగా, మెల్లగా అంటూ వాళ్ల వెనక. ధాన్యం కొట్లు, కూలిన గోడలు, రాతిని తొలిచిన దొనలో పచ్చటి నీళ్లు. పైబురుజు చేరేసరికి గాలి కొంగులు ఎగరేసింది. దూరంగా కంభం చెరువు వెండిపళ్లెంలా మెరుస్తోంది. దాని పక్కన గిద్దలూరు వైపు పోయే గూడ్సుబండి గొంగళిపురుగులా పాకుతోంది. తమ పేట యేసుమణికి ఎక్కడా దొరకలేదు. వెతికి వెతికి చివరికి గుర్తుపట్టింది. ఇంత చిన్నదా?

సుబ్బులమ్మ బురుజు నీడలో కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. ఎండిన మనిషి, ముక్కుకు రెండు వైపులా బేసర్లు, చుట్టూ మేకలు.

"మీ నాయన కథ యాడిదాకా చెప్తాడే?"

"తలుపు మూతపడినదాకా అవ్వా."

"ఆయన లోపలా, బయటా?"

"అది మాకు తెలీదు."

సుబ్బులమ్మ నోరు తెరిచి చూసింది. తర్వాత నవ్వింది. నవ్వి నవ్వి దగ్గింది. "తెలీదా? మూడు దెబ్బలు కొట్టేది మీరే, మీకే తెలీదా? ఏం మడుసులే మీరు. కూసోండి పిల్లలారా. పలకలు తిప్పండి."

పలకలు తిప్పిన చప్పుడు. యేసుమణి కూర్చోలేదు. నిలబడే వింది.

"తలుపు మూతపడినప్పుడు ఆయన బయటే ఉన్నాడు" అంది సుబ్బులమ్మ.

యేసుమణి కళ్లు మూసుకుంది.

"ఆత్రపడొద్దు, అప్పుడే అయిపోలేదు. గుర్రాలోళ్లు వస్తాంటే గోడ సందులో దాక్కున్నాడు. వాళ్లు చూసుకోకుండా కిందికి మర్లిపోయినారు. పొద్దు గుంకేటప్పుడు వాకిలి కాడ చప్పుడైంది. మూడు దెబ్బలు. పరిగెత్తేటప్పుడు తప్పెట చినిగిపోయింది, అందుకని బండ మీద కొట్టినాడు. లోపలోళ్లు ఇది మాయ అన్నారు. తీస్తే తల తీస్తానన్నాడు కిల్లేదారు. మా ఇంటి ఆడామె, ఓబులక్క, ధాన్యం కొట్లు చూసుకునేది, ఆమె అనింది: శత్రువు అయితే ఏనుగుతో గుద్దుతాడు గాని, చుట్టం మాదిరి మూడుసార్లు తడతాడా? ఇది మన యల్లయ్యే. అని లోపలి బండ మీద రెండు దెబ్బలు కొట్టింది. ఒంటిగా ఉన్నావా, ఎనక ఎవురన్నా ఉన్నారా అని అడిగినట్టు."

"ఆయనేం చేసినాడు?" నాగరత్నం బలపం గాల్లోనే ఉంది.

"ఒక్క దెబ్బ కొట్టినాడు. ఒంటిగానే ఉన్నా అని. ఓబులక్క దిడ్డి తీసింది."

ఇప్పుడు తాను వంగి దూరిన దిడ్డి. యేసుమణి అప్రయత్నంగా తల తడుముకుంది, చెక్క పొట్టు ఏదైనా అంటుకుందేమో అన్నట్టు.

"తల తీసినారా అవ్వా? ఓబులక్కది?" ఎవరో అడిగారు.

"యాడ తీస్తారు? తీసే లోపల యల్లయ్య నగారా పట్టుకోని బురుజు ఎక్కినాడు. నలభై దినాలు. ఒకనాడు ఈ బురుజు మీద, ఒకనాడు ఆ బురుజు మీద, పొద్దున ఒక మాదిరి, సాయంత్రం ఒక మాదిరి. కిందోళ్లు లెక్క పెట్టుకున్నారు, నాలుగు నగారాలు, నాలుగు దండ్లు ఉన్నాయి పైన అని. ఉండింది మూడు వందల మంది, ఒక్క యల్లయ్య. వానలు పట్టినాయి. చెరువు అలుగు పారింది. తోవలు మూసుకపోక ముందే లేచిపోయినారు వాళ్లు. కోట పడలేదు."

పిల్లలు పలకల మీద చప్పట్లు కొట్టారు. రెండు పలకల అంచులు విరిగాయని తర్వాత టీచరు గొణుక్కున్నారు.

"మరి ఇంటికి ఎందుకు రాలేదు?" యేసుమణి అడిగింది.

"జొరం. వాన మొదలైన మూడో నాడు పోయినాడు. కింద మీ పేటోళ్లంతా అప్పటికే భయానికి ఊళ్లు పట్టి పోయినారు. మర్లి వచ్చినాంక మీరు అడగలేదు, మాకు చెప్పే పని పడలేదు. మూడు దెబ్బలు కొడతాన్రు గదా, తెలిసే ఉంటదనుకున్నాం. తెలిసీ ఆయన సమాధి రాయి చూడను రావడం లేదంటే, ప్రాణంతో కిందికి పంపలేదని మా మీద కోపం పెట్టుకున్నారనుకున్నాం."

"మేము, మీరు రానియ్యరనుకున్నాం."

సుబ్బులమ్మ మేక చెవి పట్టి పక్కకు లాగింది. "కొందరు రానియ్యకనేపోదురులే. అది కూడా అబద్ధం కాదు" అంది. చేయి చాపి చూపించింది. బురుజు మూల చదునైన రాయి ఒకటి, చుట్టూ చీపురుతో ఊడ్చిన గుర్తులు. "అదే ఆయన రాయి. మేకను కూడా ఎక్కనియ్యం. కడవలో నీళ్లున్నాయా? పొయ్యి."

యేసుమణి సందేహించింది. ఆదివారం మిషను గుళ్లో కూర్చునే మనిషి. "మేము మొక్కం అవ్వా."

"మొక్కమంటినా? నీళ్లు పొయ్యమంటి. ఎండకు రాయి కాల్తాంది."

యేసుమణి కడవ ఒంపింది. కొండ ఎక్కినవాళ్లందరికీ నీళ్లు పోసిన కడవ. రాయి బుస్సుమని నీళ్లు తాగింది. తడిసిన చోట అది నల్లగా, నునుపుగా తేలింది.

కిందికి దిగేసరికి జ్ఞానయ్య మొదటి వాకిలి దగ్గర కర్ర ఆన్చుకుని నిలబడి ఉన్నాడు. ఆయన అంత దూరం ఎలా వచ్చాడో ఎవరికీ తెలియదు. పిల్లలు బండ్లెక్కుతూనే ఉన్నారు. యేసుమణికి ఆయాసం.

"నాయనా, దిడ్డి తీసినారు. లోపలికే పోయినాడు."

ఆమె మొత్తం చెప్పింది, బండ మీది మూడు దెబ్బలు, రెండు దెబ్బలు, ఓబులక్క, నగారా, రాయి. జ్ఞానయ్య రెండోసారి చెప్పించుకున్నాడు. మూడోసారి ఒకే ఒక్కటి అడిగాడు.

"చివరకి ఒక దెబ్బా?"

"ఒకటే."

"సరే. మంచం మోసేదానికి నలుగురిని చూడు."

నాగరత్నం బండిలోంచి వంగి తన పలక యేసుమణి చేతిలో పెట్టింది. "సోమవారం పరీక్ష ఉంది గదా, నీకెట్ల?" అని యేసుమణి అంటే, "నాకు నోటికి వచ్చులే అక్కా" అంది. ఒక వైపు కింది సగం, ఒక వైపు పై సగం. తరువాత ఎన్నో ఏళ్లు, తన ముఖం ముడతలు పడేదాకా, యేసుమణి కోట చూడవచ్చిన వాళ్లకు మొదటి వాకిలి నుంచి పైబురుజు దాకా కథంతా తానే చెప్పింది. ఓబులేసుకు కాలు నయమైనాక అతనూ మొదటి వాకిలి దాకా దిగి రావడం మొదలుపెట్టాడు. ఒకే కథను ఇద్దరూ ఒకేసారి చెబుతూ, నువ్వు తప్పంటే నువ్వు తప్పని వచ్చినవాళ్ల ముందే వాదులాడుకునేవాళ్లు. ఆ పలక మాత్రం ఆమె ఎవరినీ తడి చేత్తో ముట్టుకోనివ్వలేదు.

కానీ అదంతా తరువాత. ముందు, ఆ ఆదివారం ఆరాధన అయిపోగానే, ఏబేలూ మరో ముగ్గురూ జ్ఞానయ్యను నులకమంచం మీద మోసుకుని కొండెక్కారు. పేటలో సగం మంది వెనక నడిచారు. పిల్లలు, కుక్కలు, పాటలు. నడిమి వాకిలి దగ్గర జ్ఞానయ్య మంచం దించమన్నాడు. దిగి, మోగురాయి దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, మూడు దెబ్బలు కొట్టాడు. పేటంతా గప్‌చిప్ అయింది.

పైనుంచి రెండు దెబ్బలు వచ్చాయి.

జ్ఞానయ్య గులకరాయిని అరచేతిలో ఒకసారి తిప్పుకున్నాడు. కొట్టాడు. ఒకే ఒక్క దెబ్బ.

"అబద్ధం" అని పైనుంచి సుబ్బులమ్మ గొంతు. "ఊరంతా ఎంటపెట్టుకోని వచ్చి ఒంటిగా ఉన్నానంటావేంది జ్ఞానయ్యా? దిడ్డి తీసే ఉంది. రాండి."